ఆర్మీ డిస్పోజల్ 4×4 లారీ సముద్రపు ఇసుకలో నడపాలంటే గాలి ఎంత, గేరు ఏది?

ప్రశ్న: పెన్నొడ్డు లారీ (ప్రొద్దుటూరు)

అన్నలందరికీ నమస్కారం. మా దగ్గర ఆర్మీ డిస్పోజల్‌లో వచ్చిన అశోక్ లేలాండ్ స్టాలియన్ 4×4 లారీ ఉంది. నెల్లూరు తీరంలో రొయ్య పిల్లల హేచరీకి సముద్రపు నీళ్ళు తోడే పైపులైన్ పని ఒప్పుకున్నాం. తారు రోడ్డు అయిపోయిన కాడి నుంచి ఇసుకలో సుమారు 2 కిలోమీటర్లు పోవాలి. పైపులు, జనరేటర్, కాంక్రీటు దిమ్మెలు కలిపి ట్రిప్పుకు 3 టన్నులు మించదు.

కాటా మీద ఖాళీ బండి 6,800 కిలోలు: ముందు 3,700, వెనక 3,100. లోడు వేస్తే ముందు 4,200, వెనక 5,600. టైర్లు అన్నీ 10.00-20 నైలాన్, 16 ప్లై, ట్యూబువి, లాక్ రింగు డిస్కులు (టైరును పట్టి ఉంచే ఇనుప రింగు విడిగా ఉండేవి). ముందు రెండు రిబ్ (పొడవు గీతలవి), వెనక నాలుగు లగ్ (లోతైన అడ్డ పళ్ళవి). పాత ఓనరు వేయించినవే ఇవన్నీ. రోడ్డు మీద 85 పౌండ్ల గాలి పెడుతున్నాం.

ఇసుకలోకి పోయే ముందు గాలి ఎంతకు దించాలి? వెనక డబుల్ టైర్లు తీసి సింగిల్ చేస్తే మేలని కొందరంటున్నారు, నిజమేనా? లో రేంజిలో ఏ గేరులో పోవాలి? దిగబడితే ట్రాక్టరుతో లాగిస్తే వస్తుందా? ముందు మన పెన్న ఇసుకలో ప్రాక్టీసు చేద్దామనుకుంటున్నాం. పెన్న ఇసుక, సముద్రపు ఇసుక ఒకటేనా?


జవాబు: గాలి లెక్క (అనంతపురం)

అన్నా, కాటా చీటీ చూసి ఇరుసు బరువులు విడివిడిగా రాశారు కాబట్టి లెక్క చెప్పొచ్చు. చాలామంది మొత్తం బరువు చెప్పి గాలి ఎంతని అడుగుతారు, దాంతో ఏమీ తేలదు.

టైరు నేల మీద ఆనే జాగా సుమారుగా బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే వస్తుంది. 85 పౌండ్లంటే చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు. లోడు మీద మీ ముందు చక్రం ఒక్కోటి 2,100 కిలోలు మోస్తోంది. అంటే ఆనే జాగా 350 చదరపు సెంటీమీటర్లు. అదే 35 పౌండ్లకు దించితే ఒత్తిడి 2.5 కిలోలు, జాగా 840. టైరు గట్టిదనం వల్ల అసలు అంకె కొంచెం తేడా వస్తుంది గానీ, రెండింతల పైన పెరుగుతుందనేది ఖాయం. ఆ పెరుగుదల ఎక్కువగా పొడవులో వస్తుంది, అదే మనకు కావలసింది. గాలి నిండుగా ఉన్న టైరు ఇసుకను ముందుకు తోసి గట్టు పోసుకుని, ఆ గట్టునే ఎక్కాలని చూస్తుంది. పొడుగ్గా పరుచుకున్న టైరు ఇసుకను కింద అదిమి దాని మీదుగా పోతుంది.

అయినా పౌండ్ల అంకె ఒక్కటే పట్టుకోవద్దు. నైలాన్ టైర్లలో ప్లై, అరుగుదల, వయసు బట్టి ఒకే గాలికి ఒక్కోటి ఒక్కోలా ఒరుగుతుంది. ఎత్తు కొలవండి. లోడు వేసి, గట్టి చదును నేల మీద బండి నిలిపి, 85 పౌండ్ల దగ్గర రిమ్ము అంచు నుంచి నేల దాకా ఎత్తు కొలిచి రాసుకోండి. ఇప్పుడు గాలి తీస్తూ ఆ ఎత్తు ముప్పావు వంతుకు వచ్చేదాకా దించండి. 200 మిల్లీమీటర్లు ఉంటే 150. అక్కడ గేజీ ఎంత చూపిస్తే ఆ చక్రానికి, ఆ లోడుకు అదే మీ ఇసుక గాలి. ముందు చక్రానికి వేరే అంకె వస్తుంది, వెనకకు వేరే వస్తుంది. ఖాళీ బండికి మళ్ళీ వేరు.

ఒక హద్దు మాత్రం ఉంది. ట్యూబు టైరును 30 పౌండ్ల కిందికి దించొద్దు. లో రేంజిలో చక్రానికి వచ్చే తిప్పుడు బలానికి రిమ్ము లోపల తిరుగుతుంది, టైరు అక్కడే ఉంటుంది. టైరుతో పాటు ట్యూబు ఆగితే వాల్వు మెడ దగ్గర తెగుతుంది. దిగే ముందు ప్రతి చక్రానికీ రిమ్ము మీద, టైరు మీద కలిపి ఒక సుద్దగీత గీయండి. ప్రతి అర కిలోమీటరుకూ చూడండి. గీతలు అంగుళం పక్కకు జరిగినా, వాల్వు ఒరిగినా ఆపి 5 పౌండ్లు పెంచండి. మీ బరువులకు ముందు 35, వెనక 30–35 దగ్గర మొదలుపెట్టి, కొలత చెప్పినట్టు సరిచేసుకోండి.

గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. 85 పౌండ్ల దగ్గర 10 డిగ్రీల వేడికి సుమారు మూడున్నర పౌండ్లు పెరుగుతుంది. బద్వేలు మీదుగా ఎండలో నెల్లూరు దిగేసరికి గేజీ 95 చూపించినా ఆశ్చర్యం లేదు. ఆ వేడి మీద 35కు దించితే, రేపు పొద్దున చల్లారాక 30 దగ్గరకు పడిపోతుంది.

దించిన గాలితో గంటకు 15 కిలోమీటర్లు దాటొద్దు. నైలాన్ టైరు ఒరిగి లేస్తున్నకొద్దీ లోపలి పొరలు వేడెక్కుతాయి. సైడ్‌వాల్ మీద అరచెయ్యి పెట్టి ఉంచలేకపోతే బండి ఆపి చల్లారనివ్వాలి. రీట్రెడ్ టైర్లయితే ఈ పనికి వద్దే వద్దు, తొక్క ఊడుతుంది. ఇసుక దాటగానే గాలి పట్టాకే తారు ఎక్కాలి. పంచర్ షాపు దాకా మెల్లగా పోదాంలే అనుకుంటే అక్కడే టైరు చస్తుంది.

ఇక లగ్ టైర్ల సంగతి. బురదకు లగ్ మంచిదే. ఇసుకలో మాత్రం చక్రం కొంచెం గిర్రుమన్నా ఆ పళ్ళు తవ్వుకుంటూ కిందికి పోతాయి. సగం అరిగిన రిబ్ టైర్లు ఇసుకలో వాటికంటే మేలు. మార్చే డబ్బులుంటే వెనక కూడా రిబ్ వేయండి, లేకపోతే ఉన్నవాటితోనే యాక్సిలరేటర్ మీద కాలు అదుపులో పెట్టుకోండి.


జవాబు: మూడో గేరు (కర్నూలు)

గాలి సంగతి పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం. సగం పని అక్కడే అయిపోతుంది. మిగతా సగం ట్రాన్స్‌ఫర్ కేసు (గేరుబాక్సు బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె, హై–లో రేంజి మార్చేదీ ఇదే), కుడి కాలు.

మొదట మీ ట్రాన్స్‌ఫర్ కేసు ఏ రకమో తెలుసుకోండి. డిస్పోజల్ బండ్లలో రిపేర్లకు వేరే కేసులు ఎక్కించి ఉంటారు, మోడల్ పేరు చూసి నమ్మొద్దు. కొన్నింట్లో ముందు ఇరుసు కలిపితే ముందు వెనక గట్టిగా ఒకటైపోతాయి. కొన్నింట్లో మధ్యలో, ముందు వెనక వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండి దానికి విడిగా లాక్ ఉంటుంది. గట్టి నేల మీద ముందు ఇరుసు కలిపి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడక వేగంతో కొన్ని అడుగులు పోనిచ్చి చూడండి. బండి బ్రేకు పట్టినట్టు బిగిసిపోతే మొదటి రకం. అలాంటి బండిని 4×4లో పెట్టి తారు మీద తిప్పితే జాయింటు క్రాసులు, ముందు క్రౌను దెబ్బతింటాయి. ఇసుక మీద ఆ బిగువు చక్రం జారి వదిలిపోతుంది, ఇబ్బంది లేదు. అందుకని తారు దిగాక, ఇసుక మొదలయ్యే ముందు, బండి నిలిపి కలపాలి. సగం దిగబడ్డాక కలుపుదామని చూస్తే అప్పటికే వెనక చక్రాలు గుంటలు తీసి ఉంటాయి.

రేంజి మార్చేదీ బండి పూర్తిగా ఆగాకే. లో రేంజిలో 2తో కదిలి, 3లో నడపాలి. 1తో కదిలితే బలం మరీ ఎక్కువై చక్రం గిర్రున తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 1,500 చుట్ల దగ్గర నిలకడగా తిరుగుతూ, వేగం 10–15 మధ్య ఉండే గేరు ఏదో పెన్నలోనే పట్టుకోండి. సముద్రం కాడికి పోయాక వెతుక్కునేది కాదు అది. మధ్యలో గేరు మార్చొద్దు. మెత్తటి ఇసుకలో క్లచ్ తొక్కిన ఆ ఒక్క క్షణంలోనే లారీ ఆగిపోతుంది. గట్టి రోడ్డు మీద టన్ను బరువును కదుపుతూ ఉండడానికి 10 కిలోల లాగుడు చాలు. పొడి ఇసుకలో 200–300 కిలోలు కావాలి. మీ 9,800 కిలోల బండికి రెండు నుంచి మూడు టన్నులు నిరంతరం లాగుతుండాలన్నమాట. అందుకే బరువు తగ్గించుకోవడం కూడా ఒక మార్గమే: మొదటి ట్రిప్పు సగం లోడుతో వేసి బాట పడనివ్వండి. రెండో ట్రిప్పు అదే గాడిలో పోతే తేలిక.

ఆపాలంటే బ్రేకు తొక్కొద్దు. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇసుకే ఆపుతుంది. బ్రేకు వేస్తే ప్రతి చక్రం ముందర ఇసుక దిబ్బ పోగవుతుంది, మళ్ళీ కదిలేటప్పుడు అదే అడ్డం. వాలు ఉంటే ముక్కు దిగువకు పెట్టి ఆపండి. కదిలేటప్పుడు ముందు అర బండి దూరం వెనక్కి, మీ గాడిలోనే వచ్చి, అదిమిన ఇసుక మీద ఊపు తీసుకుని ముందుకు పోవాలి. మలుపులు చాలా వెడల్పుగా తీసుకోండి. ముందు చక్రం అడ్డం తిరిగిందంటే దొర్లడం మాని నాగలి కర్రులా ఇసుక కోస్తుంది.

వెనక డిఫ్ లాక్ (ఇరుసు రెండు వైపుల చక్రాలను ఒకటిగా కలిపి తిప్పేది) ఉంటే, కష్టమైన జాగా రాకముందే, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే వేయండి. చక్రం గిర్రున తిరుగుతుండగా వేస్తే డాగ్ పళ్ళు విరుగుతాయి. మలుపు దగ్గర తీసేయాలి.

క్లచ్ వాసన వస్తే ఆ ప్రయత్నం అక్కడితో మానండి. రేడియేటర్ ముందు రెక్కలు శుభ్రంగా ఉన్నాయా, ఫ్యాను బెల్టు బిగువుగా ఉందా దిగే ముందే చూడాలి. ఇంజన్ గట్టిగా పనిచేస్తూ బండి నడక వేగంతో పోతుంటే రేడియేటర్‌కు ఎదురు గాలి అసలు ఉండదు.


పెన్నొడ్డు లారీ (ప్రొద్దుటూరు)

చాలా థ్యాంక్స్ అన్నా. ముప్పావు ఎత్తు లెక్క రాసుకున్నా. డబుల్ టైర్ల సంగతి ఇంకా తేలలేదు. ఆరు టైర్లకు మళ్ళీ గాలి పట్టడానికి బండి కంప్రెసర్ సరిపోతుందా, చిన్నది ఒకటి విడిగా కొనాలా?


జవాబు: డబుల్ వద్దు (తాడిపత్రి)

సింగిల్ చేసేయండి. డబుల్‌లో ముందు చక్రం వేసిన గాడి వేరు, వెనక రెండు టైర్ల గాడి వేరు. వెనక చక్రాలు మళ్ళీ కొత్త ఇసుకను తొక్కుకుంటూ పోవాలి. గాలి దించితే రెండు టైర్ల పొట్టలు ఒకదానికొకటి రాసుకుంటాయి. మధ్యలో ఇసుక, రాళ్ళు ఇరుక్కుని సైడ్‌వాల్ కోసేస్తాయి. ఎడారిలో తిరిగే ఆర్మీ లారీలు ఎక్కువగా సింగిల్ టైర్లతో ఉండేది అందుకే.


జవాబు: గాలి లెక్క (అనంతపురం)

తాడిపత్రి అన్న చెప్పిన కారణాలన్నీ సరైనవే. కానీ ఈ బండికి ఆ మందు పడదు. లోడు మీద వెనక ఇరుసు 5,600 కిలోలు. సింగిల్ చేస్తే చక్రానికి 2,800. 10.00-20, 16 ప్లై టైరు సింగిల్‌గా మోసేది నిండు గాలితో సుమారు 3,000 కిలోలు. గాలి సగానికి పైగా దించి ఆ బరువు పెడితే రిమ్ము టైరును నలిపేస్తుంది. సింగిల్ కావాలంటే 12.00-20 అయినా వేయాలి, దానికి డిస్కులూ మారాలి. వెనక మాత్రమే మార్చి ముందు 10.00-20 ఉంచితే చుట్టుకొలతలు కలవవు. 4×4 కలిపినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు ఆ తేడానంతా మోయాలి. మారిస్తే నాలుగూ, స్టెప్నీతో కలిపి ఐదూ మార్చాలి. రెండు కిలోమీటర్ల పనికి అంత ఖర్చు అవసరమా అనేది లెక్క చూసుకోండి. సంవత్సరం పొడుగునా ఇసుక పనులే ఉంటే నేనూ సింగిలే అంటాను.

డబుల్ ఉంచితే ఒక పరీక్ష చాలు. లోడు వేసి, గాలి దించి, నేలకు ఆనే చోట రెండు టైర్ల పొట్టల మధ్య సందు చూడండి. అంగుళమైనా ఉండాలి. లేకపోతే సందు వచ్చేదాకా గాలి పెంచండి, ఎత్తు కొలత ఏం చెప్పినా సరే. ట్రిప్పుకోసారి మధ్యలో ఇరికిన వాటిని రాడ్డుతో తీసేయండి.

గాలికి బండి కంప్రెసరే చాలు. 10.00-20 టైరును 35 నుంచి 85కు తేవాలంటే ఒక్కోదానికి దాదాపు 400 లీటర్ల బయటి గాలి కావాలి. కారుకు వాడే 12 వోల్టుల చిన్న కంప్రెసర్లు ఇక్కడ కాలిపోతాయి. ఎయిర్ ట్యాంకు మీద గానీ, అన్‌లోడర్ వాల్వు మీద గానీ టైరు గాలి నిపుల్ ఉందేమో చూడండి, చాలా ఆర్మీ బండ్లకు ఉంటుంది. లేకపోతే మెకానిక్ చేత బ్రేకులకు సంబంధం లేని సర్క్యూట్ నుంచి పెట్టించండి. 15 మీటర్ల హోసు తీసుకుంటే అన్ని చక్రాలకూ అందుతుంది. ఇంజన్ 1,200 మీద పెట్టి పడితే ఆరు టైర్లకు అరగంట నుంచి ముప్పావు గంట. ఈ పని జరుగుతున్నంతసేపూ ట్యాంకు ఒత్తిడి పడుతూ లేస్తూ ఉంటుంది. డాష్‌బోర్డు గేజీ తిరిగి నిండేదాకా బండి కదపొద్దు. ట్యాంకు కింది డ్రైన్ తిప్పి నీళ్ళు వదిలాకే మొదలుపెట్టండి, లేకపోతే ఆ నీళ్ళన్నీ ట్యూబుల్లోకి పోతాయి.


జవాబు: ఆటుపోటు (కడప)

పెన్న ఇసుక, సముద్రపు ఇసుక ఒకటి కాదు. పెన్నలో ముతక, సన్నం, గులకలు కలిసి ఉంటాయి, అదిమితే ఒకదాని సందులో ఇంకొకటి ఇమిడి కొంత గట్టిపడుతుంది. సముద్రపు ఒడ్డున అలలు, గాలి జల్లెడ పట్టేసి దాదాపు ఒకే సైజు రేణువులు మిగులుతాయి. పొడిగా ఉంటే ఎంత అదిమినా పక్కలకు జారుతుంది. పెన్నలో 45 పౌండ్లతో పోయిన బండి అక్కడ 35తో కూడా మూలగొచ్చు. కాబట్టి పెన్నలో గేరు, స్టీరింగ్, ఆపడం, కదలడం నేర్చుకోండి. గాలి అంకె మాత్రం అక్కడే తేల్చుకోవాలి.

పెన్నలో దిగేటప్పుడు చెలమలు తీసిన చోట్లకు, తాగునీటి బావులు, పైపులు ఉన్న చోట్లకు దూరంగా ఉండండి. ఇసుక తవ్విన గుంటలు వరదకు పూడి ఉంటాయి, పైకి చదునుగా కనిపిస్తాయి గానీ లోపల వదులు. మైలవరం డ్యామ్ నుంచి నీళ్ళు వదిలే రోజుల్లో ఏట్లోకి బండి దించొద్దు.

ఇక సముద్రం. ఒడ్డున మూడు పట్టీలు ఉంటాయి. పైన, పోటు నీళ్ళు ఎప్పుడూ అందని పొడి ఇసుక: మెత్తన, కష్టం. మధ్యలో, పోటుకు తడిసి ఆటుకు బయటపడే తడి ఇసుక: రేణువుల మధ్య ఉన్న కొద్దిపాటి తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి గట్టిది. మీ దారి ఇదే. కింద, అల వచ్చి పోయే అంచు: రేణువుల మధ్య నీళ్ళు పూర్తిగా నిండి ఉంటాయి. నడిచేటప్పుడు గట్టిగానే అనిపించినా, బండి అక్కడ ఆగితే ఇంజన్ అదురుకూ, అల లాగుడుకూ చక్రం కింద ఇసుక నీళ్ళలా కదిలి బండి దానంతటదే దిగిపోతుంది. అక్కడ ఒక్క నిమిషం కూడా ఆపొద్దు.

మన తీరంలో ఆటుకూ పోటుకూ తేడా పెద్ద అమావాస్య, పౌర్ణములకు కూడా సుమారు మీటరే. అందుకే ఆ మధ్య పట్టీ వెడల్పు తక్కువ, ఒడ్డు నిటారుగా ఉన్న చోట ఇంకా తక్కువ. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళ అంచనాల్లో ఆటు వేళ, అలల హెచ్చరికలు రెండూ చూసుకోండి. ఆటు పూర్తయ్యే వేళకు రెండు గంటల ముందు దిగితే, నీళ్ళు ఇంకా వెనక్కే పోతుంటాయి. ఎక్కడైనా దిగబడినా తవ్వుకునే టైము చేతిలో ఉంటుంది. పోటు మొదలయ్యాక దిగడం అంటే లారీని సముద్రానికి పందెం కట్టడమే. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అలలు ఒడ్డును కోసి నిటారుగా చేస్తాయి. ఆ నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు.

వాగు సముద్రంలో కలిసే మొగల దగ్గర మరీ జాగ్రత్త. పైన నాలుగు అంగుళాల ఇసుక, కింద నల్ల బురద ఉంటుంది. దిగి, ఒకచోట నిలబడి కాళ్ళు అదరండి. నీళ్ళు ఊరి ఇసుక జెల్లీలా కదిలితే ఆ దారి వదిలేయండి. గడ్డపార గుచ్చుకుంటూ నడిచి దారి గుర్తు పెట్టుకుని, జెండా కర్రలు పాతాకే బండి తేవాలి. వలల తాళ్ళు, లంగర్లు ఇసుకలో పూడి ఉంటాయి. పల్లెలో పెద్దమనుషులను అడిగి, వాళ్ళలో ఒకరిని ముందు నడిపించుకుంటే అన్నివిధాలా మంచిది.

అనుమతుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. తీర నియంత్రణ మండలంలో (సీఆర్‌జెడ్) ఇసుక దిబ్బలు చదును చేయకూడదు, గ్రావెల్ తెచ్చి పోయకూడదు. హేచరీ వాళ్ళ పైపులైన్‌కు అనుమతి ఉందా, అందులో ఒడ్డున బండి నడిపే సంగతి ఉందా అని కాగితం చూసి మొదలుపెట్టండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అవి మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. గుడ్లు ఉండేది పోటు గీత పైన పొడి ఇసుకలో, ఒకటిన్నర అడుగుల లోతులో. లారీ గాడి పడిందంటే ఆ గూడు పోయినట్టే. పిల్లలు బయటికి వచ్చినా లోతైన గాడిలో పడితే సముద్రం దాకా చేరలేవు. ఆ నెలల్లో పని తప్పనిసరైతే అటవీశాఖ వాళ్ళతో గూళ్ళు గుర్తు పెట్టించుకుని, పగలే, తడి పట్టీ మీదే నడపండి. సాయంత్రానికి గాళ్ళు పూడ్చండి.


జవాబు: జాకీ చెక్క (కడప)

దిగబడితే ట్రాక్టరుతో వస్తుందా అని అడిగారు. అంకెలు చూడండి. చక్రం సగం దాకా కూరుకుంటే బండిని లాగడానికి దాదాపు దాని బరువంత బలం కావాలని ఆర్మీ రికవరీ లెక్క. మడ్‌గార్డు దాకా అయితే రెండింతలు. మీ బండికి మొదటిదే 9.8 టన్నులు. 50 హెచ్‌పీ ట్రాక్టరు బరువే రెండు టన్నుల చిల్లర, అదే ఇసుక మీద నిలబడి అది టన్ను, టన్నున్నర కంటే లాగలేదు. ఇంకా గట్టిగా తొక్కితే ముందు లేస్తుంది, ప్రాణాపాయం. రెండు ట్రాక్టర్లు కట్టినా చాలదు. లోడు దించి, తవ్వి, గాలి తీస్తే కావలసిన లాగుడు రెండు టన్నులకు వస్తుంది. అప్పుడు బండి సొంత చక్రాల బలానికి తోడుగా ట్రాక్టరు పనికొస్తుంది, చాలాసార్లు అసలు అవసరమే రాదు.

అసలు కిటుకు మొదటి మూడు సెకన్లలో ఉంది. వేగం చచ్చి చక్రం గిర్రుమనగానే కాలు తీసేయండి. అక్కడికి చక్రం ఆరంగుళాలు దిగి ఉంటుంది. ఇంకో పది సెకన్లు తొక్కితే హౌసింగ్ (ఇరుసు మధ్యలో గేర్లుండే డబ్బా) ఇసుక మీద కూర్చుంటుంది. అది కూర్చున్నాక బరువు చక్రాల మీద ఉండదు, ఎంత తిప్పినా ఫలితం లేదు.

కాలు తీశాక వెనక్కి ఒకసారి, మెల్లగా, మీ గాడిలో ప్రయత్నించండి. రాకపోతే దిగి గాలి 5 పౌండ్లు తగ్గించండి, 30 హద్దు గుర్తుంచుకుని. తర్వాత తవ్వకం: పోవాలనుకున్న వైపు ప్రతి చక్రం ముందర ఇసుకను నిలువుగా కాకుండా ఏటవాలుగా, చక్రం అడుగు నుంచి పైకి నాలుగైదు అడుగుల పొడవున తీయాలి. హౌసింగ్ కింద, ముందు ఇరుసు కింద, కమాన్ కట్టల యూ బోల్టుల కింద చెయ్యి దూరేంత ఖాళీ రావాలి. చక్రాలు మాత్రమే తవ్వి హౌసింగ్ వదిలేయడమే అందరూ చేసే పొరపాటు. పార పొట్టి పిడిది రెండు, పొడుగు పిడిది ఒకటి పెట్టుకోండి. బండి కిందికి పొడుగు పిడి పోదు.

ఆ ఏటవాలులో పరిచేందుకు 6 మిల్లీమీటర్ల చెక్కర్ ప్లేట్లు, 5 అడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పువి నాలుగు చేయించుకోండి. ఒక్కోటి 27 కిలోలు వస్తుంది. ఒక చివర రంధ్రం పెట్టించి పది అడుగుల తాడు కట్టి, కొసకు ఎర్ర గుడ్డ కట్టండి. బండి ప్లేటును ఇసుకలోకి తొక్కేశాక వెతుక్కునేది ఆ గుడ్డతోనే. ప్లేటు వంగితే బోర్లా తిప్పి మళ్ళీ దాని మీదుగా పోతే సరవుతుంది. ఆ తీరంలో సరుగుడు కర్రలు దొరుకుతాయి, మూడంగుళాల లావువి అడ్డంగా పేర్చి తాడుతో చాపలా అల్లితే తారు దిగే చోట 20–30 అడుగుల బాట వేయొచ్చు, పని అయ్యాక చుట్టి తెచ్చుకోవచ్చు. గోతాలు, తాటాకులు ఒక్కసారికి పనికొస్తాయి, రెండోసారికి చక్రం లాగి వెనక్కి విసిరేస్తుంది. ప్లేట్ల మీద బండి కదిలేటప్పుడు వెనకాల ఎవరినీ నిలబడనివ్వొద్దు.

హౌసింగ్ కూర్చుంటే జాకీ తప్పదు. 20 టన్నుల బాటిల్ జాకీ కింద రెండంగుళాల మందం, అడుగున్నర చదరం చెక్క పెట్టాలి. లేకపోతే లారీ లేవడానికి బదులు జాకీ దిగుతుంది. ఇరుసు కింద ఎత్తి, చక్రం కింద గుంటను తడి ఇసుకతో పూడ్చి అదిమి, పైన ప్లేటు వేసి దించాలి. జాకీ మీద ఉన్నప్పుడు బండి కింద మనిషి ఉండకూడదు.

విన్చీ (ఇనుప తీగ చుట్టుకుంటూ బండిని లాగేది) ఉంటే కట్టడానికి ఒడ్డున చెట్టు దొరకదు. స్టెప్నీని ముందర 20 మీటర్ల దూరంలో, నాలుగడుగుల గోతిలో నిలువుగా పాతండి. తీగ పోయే దారిలో ఏటవాలుగా కాలువ తీయాలి, తీగ గోతి అంచును కోస్తే స్టెప్నీ పైకి లేచి వస్తుంది. స్నాచ్ బ్లాకు (తీగను మలిపే కప్పీ) వేస్తే లాగుడు రెట్టింపు, వేగం సగం. తీగ మధ్యలో ఇసుక నింపిన గోతం వేలాడదీయండి, తెగితే కొరడాలా లేవకుండా పట్టుకుంటుంది. మనుషులు తీగ పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకు నిలబడాలి. కొక్కెం బంపరుకు, ఇరుసుకు తగిలించొద్దు. చాసిస్‌కు ఉన్న రెండు షాకిల్స్‌కూ కలిపి వేస్తే చాసిస్ మెలిపడదు.


జవాబు: మూడో గేరు (కర్నూలు)

ఉప్పు సంగతి ఎవరూ రాయలేదు. ఇసుక దాటగానే, అదే రోజు, మంచినీళ్ళతో కింద అంతా కడగండి. చాసిస్ లోపలి వైపు, కమాన్ కట్టల మధ్య, డ్రమ్ముల చుట్టూ. రెండో రోజుకు వదిలితే తుప్పు మొదలై ఉంటుంది. ప్రెషర్ హోసు హబ్బు సీళ్ళకు, హౌసింగ్ బ్రీదర్లకు (లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రాలకు) నేరుగా కొట్టొద్దు. నడిచి వేడెక్కిన హౌసింగ్ మీద చల్లటి నీళ్ళు పడితే లోపలి గాలి ముడుచుకుని సీలు గుండా నీటిని లోపలికి పీలుస్తుంది. బ్రీదర్లకు రబ్బరు గొట్టం తగిలించి చాసిస్ పైకి తెచ్చి కడితే ఈ బాధ ఉండదు, ఆ పని ప్రొద్దుటూరులోనే చేయించండి. పని ముగిశాక హౌసింగ్ ప్లగ్గు కొంచెం వదులు చేసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లగా వస్తే మార్చాల్సిందే. గ్రీజు నిపుళ్ళకు పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. బ్రేకు లైనర్లలో ఇసుక ఉంటే తొక్కినప్పుడు గరగర వినిపిస్తుంది, డ్రమ్ము విప్పి తుడవకుండా వెలిగొండ ఘాటు ఎక్కొద్దు.


జవాబు: గాలి లెక్క (అనంతపురం)

ఒక్కటి మిగిలింది, ప్రాణానికి సంబంధించింది. మీవి లాక్ రింగు డిస్కులు. తక్కువ గాలితో నడిచాక రింగు గాడిలోంచి కొంచెం లేచి ఉండొచ్చు. ఆ స్థితిలో గాలి పడితే రింగు ఎగిరి మనిషిని చంపేస్తుంది. గాలి పట్టే ముందు ప్రతి చక్రానికీ రింగు చుట్టూ చూసి, గాడిలో సమంగా కూర్చుందని, రింగు కొసల మధ్య సందు ముందు కొలిచిన దానికి తేడా లేదని తెలుసుకోండి. ఆ సందు రోడ్డు మీద ఉన్నప్పుడే కొలిచి డిస్కు మీద పెయింటుతో రాసిపెట్టండి. తేడా కనిపిస్తే వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదిలి, చక్రం విప్పి, రింగు మళ్ళీ కూర్చోబెట్టించాలి. సుత్తితో కొట్టి సరిచేయడం గాలి ఉన్నప్పుడు అస్సలు కూడదు. వాల్వుకు కరిచిపట్టే క్లిప్పు, హోసుకు మధ్యలో గేజీ, ట్యాపు పెట్టించుకుంటే చేత్తో పట్టుకుని చక్రం ఎదురుగా కూర్చునే పని ఉండదు. 15 మీటర్ల హోసు చెప్పింది ఇందుక్కూడా. ట్యాపు దగ్గర, బండి ముందు వైపో వెనక వైపో నిలబడి, 20 పౌండ్లకు ఒకసారి ఆపి దూరం నుంచే రింగు చూస్తూ పట్టండి. డబుల్ టైర్లలో లోపలిది ముందు, బయటిది తర్వాత. ఆరూ నిండాక చక్రం నట్లు బిగించి, 50 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి బిగించండి.